అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో నా మొదటి నవంబరు

2022 ఏప్రిల్ 4 రాత్రి న్యూ ఆర్లీన్స్‌లో కాన్సాస్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు నార్త్ కరోలినాను ఓడించి అమెరికా కాలేజీ ఛాంపియన్ అయింది. ఒక దశలో 16 పాయింట్లు వెనకబడి ఉన్నవాళ్ళు 72-69తో గెలిచారు. ఫైనల్లో అంత వెనక నుంచి వచ్చి గెలిచిన జట్టు అంతకుముందు లేదు. ఆ ఏడాది నేను ఆ యూనివర్సిటీ ఉన్న లారెన్స్‌లో ఎమ్మెస్ చదువుతున్నానని తెలిస్తే చాలు, అందరూ ఆ రాత్రి గురించే అడుగుతారు. సంతోషంగా చెప్తాను. కానీ నాకు ఆ సీజన్ అనగానే గుర్తొచ్చేది నవంబరు, డిసెంబరు నెలలు. ఏ ఆట గెలిచినా ఓడినా కొంప మునిగేది లేని రోజులు. నాకు బాస్కెట్‌బాల్ చూడటం వచ్చింది ఆ రోజుల్లోనే.

మాది తెనాలి. కాన్సాస్ నుంచి అడ్మిట్ వచ్చిన రోజు నాన్న స్వీట్లు తెచ్చారు. అమ్మ మాత్రం స్వీటు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "కాన్సాసా? ఆ శ్రీనివాస్‌ని చంపేసింది అక్కడే కదే" అంది. 2017 ఫిబ్రవరి 22న ఓలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపిన సంగతి మన ఇళ్ళలో ఎవరూ మర్చిపోలేదు. ఓలేతా, లారెన్స్ వేరువేరు ఊళ్ళని చెప్పాను. మ్యాప్‌లో చూపించాను కూడా. రెండూ పక్కపక్కనే కనబడేసరికి అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

2021 ఆగస్టులో వెళ్ళాను. లారెన్స్ తెనాలి కంటే చిన్న ఊరు, లక్ష జనం కూడా ఉండరు. యూనివర్సిటీ ఒక గుట్ట మీద ఉంటుంది, దాని పేరు మౌంట్ ఓరియడ్. నలుగురు తెలుగమ్మాయిలం ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. రోజూ క్లాసుకి నైస్మిత్ డ్రైవ్ అనే రోడ్డు మీదుగా నడిచేదాన్ని. ఆ నైస్మిత్ ఎవరో నెల దాకా నాకు తెలియదు. తెలిశాక మాత్రం ఆ రోడ్డు మీద మామూలుగా నడవలేకపోయాను. జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టిన మనిషి. 1891 చలికాలంలో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, బయట ఆడలేక విసుగెత్తిపోతున్న కుర్రాళ్ళ కోసం జిమ్ బాల్కనీకి పీచ్ పళ్ళ బుట్టలు కొట్టించి, పదమూడు నియమాలు రాశాడు. 1898లో కాన్సాస్ వచ్చి ఇక్కడ జట్టు మొదలుపెట్టాడు. ఈ జట్టుకి మొదటి కోచ్ ఆయనే. 55 గెలిచి 60 ఓడాడు. ఈ యూనివర్సిటీ చరిత్రలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్న కోచ్ ఆయన ఒక్కడే. ఆ పదమూడు నియమాల అసలు కాగితాలు జట్టు ఆడే హాలు, అలెన్ ఫీల్డ్‌హౌస్ పక్క భవనంలో అద్దం వెనక ఉంటాయి. టైపు చేసిన రెండు కాగితాలు, అక్కడక్కడా చేత్తో దిద్దినవి. 2010లో ఒక పూర్వ విద్యార్థి వాటిని వేలంలో 43 లక్షల డాలర్లకి కొని ఇచ్చాడు. భోజనానికి వెళ్ళినప్పుడల్లా ఒకసారి వాటి ముందు ఆగేదాన్ని.

మా ల్యాబ్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు, పశ్చిమ కాన్సాస్‌లో గోధుమలు పండించే కుటుంబం. అక్టోబరు చివర్లో "స్టూడెంట్ పాస్ తీసుకున్నావా?" అని అడిగాడు. లేదంటే, అన్నం తినలేదని చెప్పినంత కంగారుగా చూశాడు. వాళ్ళ తాతగారి కాలం నుంచీ ఆ ఇంట్లో చలికాలం అంటే ఈ జట్టేనట. అంతకుముందు ఏడాది కరోనా వల్ల హాలు దాదాపు ఖాళీగా ఉండిపోయింది. మళ్ళీ జనం మధ్య కూర్చోబోతున్నామని అతని ఆత్రం. నేను పాస్ తీసుకున్నది నిజానికి అతని మొహం చూసే.

నవంబరు 3న ఎంపోరియా స్టేట్‌తో ఎగ్జిబిషన్ ఆట. లెక్కలోకి రాదు. అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో అడుగుపెట్టడం నాకదే మొదటిసారి. 1955లో కట్టిన హాలు, పట్టేది 16,300 మంది. కుర్చీలు కావు, చాలావరకు చెక్క బల్లలు. ఇరుకు. మా ఊరి పాత సినిమా హాల్లో బెంచీ టికెట్టు గుర్తొచ్చింది నాకు. ఒక చివర పైన పెద్ద బ్యానరు: లోపలికి వచ్చేవాళ్ళారా, ఫాగ్‌తో జాగ్రత్త అని. ఫాగ్ అలెన్ ఇక్కడ 39 సీజన్లు కోచ్‌గా చేసిన మనిషి, నైస్మిత్ శిష్యుడు, హాలుకి ఆయన పేరే. ఆ బ్యానర్ని మొదట 1988లో హాస్టల్ కుర్రాళ్ళు బాత్రూమ్ కర్టెన్లు కలిపి తయారుచేశారట. ఇప్పుడున్నది దాని తర్వాత చేసింది. కానీ కర్టెన్ల కథ వినని కొత్త విద్యార్థి ఎవరూ ఉండరు.

ఆట మొదలైంది. బంతి ఎటు పోతే నా కళ్ళు అటు పోతున్నాయి. ఐదు నిమిషాలకే అలసిపోయాను. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య మనకి ఊపిరి పీల్చుకునే టైమ్ ఉంటుంది, ఇక్కడ అది లేదు. దాడి మొదలైన 30 సెకన్లలోపు బంతి వేయాలి, అది రింగుకి తగలాలి, లేకపోతే అవతలివాళ్ళకి ఇచ్చేయాలి. ల్యాబ్ అబ్బాయి నా అవస్థ గమనించి ఒక మాట చెప్పాడు. కాసేపు బంతిని వదిలేసి మెకార్మక్ ఒక్కణ్ణే చూడమన్నాడు.

డేవిడ్ మెకార్మక్ మా జట్టులో అందరికంటే భారీ మనిషి. సరే, అతన్నే చూశాను. అతను పరుగెత్తుకుంటూ వచ్చి ఒకచోట రెండు కాళ్ళూ ఎడంగా పాతేసి, చేతులు గుండెల మీద కట్టుకుని స్తంభంలా నిలబడ్డాడు. బంతి అతని దగ్గర లేదు, అతనికి రావడమూ లేదు. మన ఒచాయ్ అగ్బాజీ అతని భుజానికి భుజం రాసుకునేంత దగ్గరగా దూసుకుపోయాడు. అగ్బాజీని వెంటాడుతున్న ఆటగాడు ఆ స్తంభానికి గుద్దుకుని ఆగిపోయాడు. ఒక్క క్షణమే. ఆ క్షణంలో అగ్బాజీ ఖాళీగా నిలబడ్డాడు, అప్పుడు వచ్చింది బంతి అతని చేతికి. దీన్ని స్క్రీన్ అంటారు. హాలంతా అగ్బాజీ కోసం అరిచింది. మెకార్మక్ అప్పటికే వెనక్కి పరుగెడుతున్నాడు. తలుపు తీసి పట్టుకున్నది ఎవరో చూశాక, ఆ తర్వాత నేను ఏ ఆటలోనూ బంతి వెంటే కళ్ళు పరిగెత్తించలేదు.

నవంబరు 9న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మిషిగన్ స్టేట్‌తో అసలు సీజన్ మొదలైంది. 87-74తో గెలిచాం. అగ్బాజీకి 29 పాయింట్లు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో చూశాను. ఆ ఏడాది అగ్బాజీ ఎన్‌బీఏ అనే ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్ళాలా వద్దా అని ఆలోచించి నాలుగో ఏటికి తిరిగి వచ్చాడని, మొదటి ఏడాదైతే అసలు ఆడించకుండా పక్కన ఉంచుదామనుకున్నారని అప్పుడే చదివాను. నాకు అతని మీద ప్రత్యేకమైన ఇష్టం అక్కడే మొదలైంది.

నాన్న ఇదంతా ఫోన్లో వినేవారు. కబడ్డీ పిచ్చి ఆయనకి. "ఆ పిల్లలకి జీతం ఎంతమ్మా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. జీతం లేదు నాన్నా, స్కాలర్‌షిప్ ఉంటుంది, ఈ జూలై నుంచే తమ పేరూ ఫొటో వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చని నియమం మారింది అన్నాను. టీవీలో చూపించి, పదహారు వేలమందికి టికెట్లు అమ్మి, ఇన్నేళ్ళూ ఆడేవాళ్ళకి మాత్రం ఇవ్వలేదా అని బాధపడ్డారు. ఆ మాట నాకూ గుచ్చుకుంది. ఈ ఆటని ఎంత ప్రేమించినా ఆ సంగతి న్యాయంగా ఉండేదని నేను అనలేను.

నవంబరు 12, శుక్రవారం రాత్రి, టార్ల్‌టన్ స్టేట్‌తో లారెన్స్‌లో మొదటి అసలు ఆట. ఈసారి హాలు నిండిపోయింది. అందరి మొహాలకీ మాస్కులు. అవతలి జట్టువాళ్ళ పేర్లు పిలుస్తుంటే మా విద్యార్థులందరూ న్యూస్‌పేపరు విప్పి మొహాలకి అడ్డంగా పెట్టుకున్నారు, మీరెవరో మాకు పట్టదన్నట్టు. నా చేతిలోనూ ఒక పేపరు పెట్టారు. మన జట్టు పేర్లు మొదలవగానే అదే పేపర్ని ముక్కలుముక్కలుగా చించి గాల్లోకి విసిరారు. మన పెళ్ళిళ్ళలో అక్షింతలు పడ్డట్టు తల మీద, భుజాల మీద కాగితం వర్షం. నా వేళ్ళకి సిరా అంటుకుంది. రాత్రి జడ విప్పితే నాలుగైదు ముక్కలు రాలాయి. వాటిలో ఒకదాని మీద సగం తెగిన వాతావరణ సూచన ఉంది.

88-62తో గెలిచాం. గెలుపు ఖాయమయ్యాక చివరి నిమిషంలో హాలంతా లేచి నిలబడి "రాక్ చాక్... జేహాక్..." అని మొదలుపెట్టింది. అది అరుపు కాదు. చాలా నెమ్మదిగా, ఒక్కో అక్షరాన్నీ సాగదీస్తూ, మఠంలో సన్యాసులు పాడినట్టు. 1886లో ఇక్కడి కెమిస్ట్రీ ప్రొఫెసరు ఒకాయన కట్టిన నినాదం అది. మేం చదువుకుంటున్న గుట్టలోని సుద్దరాయి పేరూ, మా జట్టు మారుపేరు జేహాకూ అందులో ఉన్నాయి. పదహారు వేలమంది ఒకే గొంతుతో అంటుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

సంతోషంతో మాత్రమే కాదు, ఆ సంగతి కూడా రాయాలి. ఓలేతాలో ఆ రాత్రి శ్రీనివాస్‌ని కాల్చిన బార్‌లో జనం టీవీలో చూస్తున్నది ఈ జట్టు ఆటేనని అంతకు రెండు రోజుల ముందే చదివాను. టీసీయూతో ఆట. జరిగింది ఈ హాల్లోనే. అంటే ఇక్కడ ఈ బల్లల మీద నిలబడి ఇదే నినాదం పాడిన రాత్రే అక్కడ మనవాణ్ణి కాల్చారు. తుపాకీ పట్టుకున్నవాణ్ణి ఆపబోయి తానూ తూటా తిన్న అమెరికన్ కుర్రాడు కూడా అక్కడికి ఆట చూడటానికి వచ్చినవాడే. ఈ రెండు సంగతులూ నా తలలో పక్కపక్కనే ఉన్నాయి. అటూ ఇటూ తెల్లవాళ్ళు, మధ్యలో నేను. పక్కావిడ నా భుజం మీద చెయ్యి వేసి ఊగమని సైగ చేసింది. ఊగాను. కానీ ఆ రాత్రి బయటికొచ్చాక రూమ్మేట్లు వచ్చేదాకా వెలుతురున్నచోటే నిలబడ్డాను. ఫోన్ చేస్తే అమ్మకి అప్పటికి తెల్లారింది, పొయ్యి మీద ఇడ్లీ పెట్టింది. బార్ సంగతి అమ్మకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

18న స్టోనీ బ్రూక్ మీద 88-59. మా రూమ్మేటు కూడా వచ్చింది. "అక్కా, ఇంత తేడాతో గెలిచేదానికి టెన్షన్ దేనికి?" అని అడిగింది. ఆమె ప్రశ్న సరైందే. నవంబర్లో పెద్ద యూనివర్సిటీలు చిన్నవాళ్ళని పిలిచి ఆడతాయి. పిలిచినందుకు వాళ్ళకి డబ్బు కూడా ఇస్తాయి. స్కోరు చూస్తే అందులో ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ కోచ్ బిల్ సెల్ఫ్ 25 పాయింట్ల ముందున్నా ఒకడు డిఫెన్స్‌లో అడుగు ఆలస్యం చేస్తే వెంటనే బయటికి పిలిచేవాడు. ఆ ఏడాది కొత్తగా అరిజోనా స్టేట్ నుంచి రెమీ మార్టిన్ వచ్చాడు. సీజన్ మొదలవకముందే మా లీగ్‌లో అతనే మేటి అని కోచ్‌లు చెప్పుకున్నారు. అంతా తన చేతుల మీద నడిపించి అలవాటైన ఆటగాడు ఇంకొకరి కోసం ఖాళీ చేయడం, ఆగడం, చూడటం నేర్చుకుంటున్నాడు. కొన్నిసార్లు బంతి ఎటు వేయాలో తెలియక అర సెకను ఆగిపోయేవాడు. ఆ అర సెకను చూడటానికే నేను వెళ్ళేదాన్ని. నేనూ అప్పుడు కొత్త చోట అదే పనిలో ఉన్నాను మరి.

థాంక్స్ గివింగ్ సెలవులకి ఊరంతా ఖాళీ అయింది. జట్టు ఫ్లోరిడాలో, ఓర్లాండో దగ్గర టోర్నమెంటు ఆడుతోంది. మొదటి రోజు నార్త్ టెక్సస్‌ని గెలిచాం. మర్నాడు, నవంబరు 26న, డేటన్‌తో. నా బీటెక్ స్నేహితురాలు అక్కడే, డేటన్ యూనివర్సిటీలోనే చదువుతోంది. మేం దేశంలో నాలుగో ర్యాంకు. వాళ్ళు అంతకుముందు రెండు వారాల్లో సొంత హాల్లో చిన్న జట్ల చేతుల్లో మూడుసార్లు ఓడారు. పాపం అనుకున్నాను. ఒకవైపు కుక్కర్లో పప్పు పెట్టి, స్టౌ పక్కనే ఫోన్ నిలబెట్టి చూస్తున్నాను.

చివరి క్షణాలు. 73-72, ఒక్క పాయింటు ముందున్నాం. డేటన్ ఆటగాడు లోపలికి దూసుకొచ్చి వేశాడు, మెకార్మక్ చెయ్యి అడ్డుపెట్టి ఆపేశాడు. గెలిచామనుకుని గరిటె పైకెత్తి అరిచాను. ఆ బంతి ఎటు పోయిందో నేను చూడలేదు. అది ముస్తఫా ఆమ్‌జిల్ చేతికి పోయింది, ఫిన్లాండ్ నుంచి వచ్చిన కుర్రాడు. అతను అందుకుని అక్కణ్ణించే వేశాడు. బంతి రింగుకి తగిలి పైకి ఎగిరింది. టైమ్ అయిపోయింది, రింగు వెనక లైట్లు ఎర్రగా వెలిగాయి, బంతి ఇంకా గాల్లోనే ఉంది. కిందికొచ్చి నెట్‌లో పడింది. 74-73.

కుక్కర్ మూడో విజిల్ వేసింది. స్టౌ కట్టడం కూడా తోచలేదు. నిమిషం తిరక్కుండా ఫోన్ మోగింది. "ఒసేయ్! చూశావా? ఇప్పుడు చెప్పవే!" అని అటునుంచి కేక. వెనక పదిమంది తెలుగు పిల్లలు గోల గోల చేస్తున్నారు. నవ్వుదామనుకుంటే గొంతు పూడుకుపోయింది. నన్ను ఆశ్చర్యపరిచింది అదే. మూడు వారాల కిందట ఎవరో తెలియని కుర్రాళ్ళు ఓడిపోతే నాకు ఏడుపెందుకు రావాలి? పప్పు మాడింది. ఎవరూ ఏమీ అనకుండా తిన్నాం.

రెండు రోజుల తర్వాత అయోనా మీద 96-83తో గెలిచారు. డిసెంబరు 3న న్యూయార్క్‌లో సెయింట్ జాన్స్ మీద, 7న కాన్సాస్ సిటీలో యూటెప్ మీద కూడా సులువుగానే గెలిచారు. నిజానికి ఆ ఆటల మీద ఎవరి మనసూ లేదు. అందరూ ఎదురుచూస్తున్నది 11వ తేదీ కోసం. పక్క రాష్ట్రం యూనివర్సిటీ జట్టు మిస్సోరీ వస్తోంది.

పల్నాడు పక్కన పుట్టినదాన్ని, సరిహద్దు పౌరుషాలంటే నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. బానిసత్వం ఉండాలా వద్దా అని 1850లలో ఈ రెండు ప్రాంతాలవాళ్ళూ కొట్టుకు చచ్చారు. వద్దన్న పక్షానికి లారెన్స్ కంచుకోట. 1863 ఆగస్టు 21న తెల్లవారుజామున మిస్సోరీ వైపు నుంచి క్వాంట్రిల్ ముఠా వచ్చి ఊరు తగలబెట్టింది, నూట యాభై మందికి పైగా మగవాళ్ళనీ మగపిల్లల్నీ చంపింది. ఆ చరిత్రంతా ఈ ఆటలోకి వచ్చి కూర్చుంది. 2012లో మిస్సోరీ వేరే లీగ్‌కి వెళ్ళిపోయాక లారెన్స్‌లో మళ్ళీ ఆడటం ఇదే మొదటిసారి. దాదాపు పదేళ్ళు.

మంచి చోటు కావాలంటే క్యాంపింగ్ చేయాలి. విద్యార్థులు గుంపులుగా పేర్లిస్తారు. తెల్లవారుజామున లాటరీ తీసి ఏ గుంపు ఎన్నో స్థానమో నిర్ణయిస్తారు. ఆ తర్వాత ఆట రోజు దాకా గుంపులో ఎవరో ఒకరు ఫీల్డ్‌హౌస్ లోపల వరండాలో కూర్చుని ఉండాలి. ఉన్నట్టుండి పేర్లు పిలుస్తారు. అప్పుడు ఒక్కరూ లేకపోతే ఆ గుంపు పేరు కొట్టేస్తారు. ల్యాబ్ అబ్బాయి గుంపులో నన్నూ చేర్చుకున్నాడు. నాది పొద్దున ఆరు గంటల వంతు. చీకట్లో, ముక్కు గడ్డకట్టే చలిలో నడిచి వెళ్ళి, రాత్రి కలిపి పెట్టుకున్న పులిహోర డబ్బా తెరిచి, సెమిస్టరు పరీక్షలకి చదువుకుంటూ కూర్చునేదాన్ని. పక్క గుంపు అమ్మాయి పులిహోర తిని, అందులో వేరుశనగపప్పు బాగుందని మర్నాడు మళ్ళీ అడిగింది. ఆమె కుటుంబం నాలుగు తరాలుగా ఈ ఊళ్ళోనే ఉందట. క్వాంట్రిల్ దాడిలో కాలగా మిగిలిన ఇళ్ళు ఏ వీధిలో ఉన్నాయో చెప్పింది. పరీక్షలయ్యాక ఇద్దరం కలిసి వెళ్ళి చూశాం కూడా.

ఆట రోజు కింది నుంచి ఆరో వరుస దొరికింది. అంత దగ్గర నుంచి చూస్తే ఇది వేరే ఆట. బూట్లు నేల మీద కీచుమనే శబ్దం, ఒకరికొకరు చెప్పుకునే మాటలు, స్క్రీన్‌కి గుద్దుకున్నప్పుడు వచ్చే 'హుమ్మ్' అనే ఊపిరి, అన్నీ వినిపిస్తాయి. క్రిస్టియన్ బ్రౌన్ వాళ్ళమ్మ ఒకప్పుడు మిస్సోరీకే ఆడిన మనిషి. అతను మాత్రం ఆ రోజు సొంతింటి పగ తీర్చుకుంటున్నట్టే ఆడాడు. డజువాన్ హారిస్ మిస్సోరీ రాష్ట్రంలో పుట్టిన కుర్రాడు. పాయింట్లు పెద్దగా వేయడు. ఎవరు ఎక్కడికి చేరబోతున్నారో ముందే చూసి అక్కడికి బంతి పంపిస్తాడు. నేనా రోజు ఎక్కువసేపు చూసింది అతన్నే. 102-65. నాకంటే ముందు వరుసలో ఒక ముసలాయన ఉన్నాడు, తలమీద కాగితం ముక్కలు అలాగే ఉన్నాయి. నినాదం మొదలవగానే టోపీ తీసి గుండె దగ్గర పట్టుకున్నాడు. ఈసారి ఎవరూ సైగ చేయకుండానే నేను పక్కవాళ్ళ భుజాల మీద చేతులు వేశాను.

ఆ మర్నాటి నుంచి పరీక్షల హడావుడి, అవవగానే అమెరికన్ పిల్లలందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. 18న స్టీఫెన్ ఎఫ్ ఆస్టిన్‌తో ఆటకి విద్యార్థుల వైపు పల్చగా ఉంది. మిగిలింది ఎక్కువగా మాలాంటివాళ్ళే. విమానం టికెట్టు కొనలేని పరాయి దేశాల పిల్లలం. క్యాంపింగ్ లేకుండానే ముందు వరుసలు దొరికాయి. మేం నలుగురం, మా వెనక నేపాలీ కుర్రాళ్ళు. ఆ జట్టు గట్టిగా నిలబడింది, 80-72 దాకా లాగింది. సగం హాలుతో ఆ ఆట మా అందరి గొంతుల మీదా పడింది. నా గొంతు రెండు రోజులు లేవలేదు.

21న కొలరాడోకి వెళ్ళి ఆడాల్సిన ఆట కరోనా వల్ల రద్దయింది. 29న రావాల్సిన హార్వర్డ్ కూడా రాదన్నారు. ఫ్రిజ్ మీద అంటించుకున్న షెడ్యూలు దగ్గర పెన్ను పట్టుకుని నిలబడ్డాను. కొలరాడో కొట్టేశాను. హార్వర్డ్ కొట్టేశాను. రెండు రోజులకి ల్యాబ్ అబ్బాయి వాళ్ళ ఊరి నుంచి మెసేజ్ పెట్టాడు, హార్వర్డ్ బదులు నెవాడా వస్తోందట, తను ఐదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చేస్తున్నాడట. గీత పక్కనున్న కాస్త ఖాళీలో చిన్న అక్షరాలతో నెవాడా అని రాసి, పులిహోరకి చింతపండు ఉందో లేదో చూశాను.